చిన్న ఊళ్లో ఇంటి వైరింగుకు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే కావాలా?

స్విచ్చు, ఫ్యాను, ఫ్యూజు, బల్బు మార్చడానికి అక్కర్లేదు. కొత్త వైరింగు వేయాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా కావాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం ఆ పని లైసెన్సు పొందిన కాంట్రాక్టరే చేయించాలి. చేసే మనిషికి పర్మిట్, పర్యవేక్షించే వ్యక్తికి అర్హతా పత్రం ఉండాలి. పనితనం బాగుందని పొరుగువారు చెప్పినా సరే, ముందు ఆ కాగితాలు చూపించమని అడగండి, మొహమాటపడకండి.

ఖర్చు మాట్లాడేటప్పుడు చాలామంది మొత్తం ఒక్క అంకెగా తేల్చేస్తారు. అక్కడే గొడవలు వస్తాయి. కూలీ పాయింటు లెక్కనా, చదరపు అడుగు లెక్కనా? గోడ కోయడం, పూడ్చడం అందులోనే కలుస్తాయా? సామాను ఎవరు తెస్తారు? ఇవి రాయించుకోండి. ఎర్తింగును, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) మాత్రం డబ్బు మిగులుతుందని వదిలేయకండి. షాకు కొట్టినప్పుడు క్షణంలో కరెంటు ఆపేది ఆ ఆర్‌సీసీబీయే.