ఇంగ్లండ్‌లో దొరికిన అరిగిన వెండి నాణెం ఎవరిదో ఎలా తెలుస్తుంది, ఎక్కడ నమోదు చేయాలి?

పొలంలో దొరికిందన్నారు, పావలా బిళ్లంత ఉంది, ఒకవైపు తల, ఇంకోవైపు శిలువ, అక్షరాలు సగం పోయాయి అన్నారు. అయితే అది మధ్యయుగపు పెన్నీ అయి ఉండొచ్చు. ముందు ఒక మాట, దయచేసి తోమకండి. నాకు దొరికిన మొదటిదాన్ని ఇంట్లో వెండి కుందులకు చేసినట్టే టూత్‌పేస్ట్ పెట్టి రుద్దాను, ధగధగ మెరిసింది గానీ మిగిలిన రెండు అక్షరాలూ పోయాయి.

రాజు ముఖం పట్టుకుని కూర్చోవద్దు, అది అందరికీ ఒకటే మూస బొమ్మ. 1180 నుంచి 1247 దాకా వచ్చిన పెన్నీల మీదైతే రిచర్డ్, జాన్ ఏలుతున్నప్పుడు కూడా హెన్రీ పేరే కొట్టారు. వెనక్కి తిప్పండి. శిలువ పొట్టిగా, లోపలి వలయం దగ్గరే ఆగిపోతే ఆ కాలానిదే. అంచు దాకా సాగి, జంట గీతలతో ఉంటే 1247-1279. ఒంటి గీత, శిలువ చేతుల మధ్య ఏర్పడే నాలుగు గదుల్లో ప్రతిదానిలో మూడేసి చుక్కలు ఉంటే 1279లో మొదటి ఎడ్వర్డ్ తెచ్చిన రకం, అదే నమూనా ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

నా రెండోది ఈ ఒంటి గీత రకమే. చీకటి గదిలో ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టి వేస్తే నాణెం మీది ఒక గదిలో మెల్లగా టి, ఓ, ఆర్ తేలాయి. శిలువ చుట్టూ నాణెం కొట్టిన ఊరి పేరు, ‘సివిటాస్’ (లాటిన్‌లో నగరం) అనే మాటతో కలిపి, నాలుగు ముక్కలుగా ఉంటుంది, లండన్‌దైతే సివి-టాస్-లోన్-డోన్, నాది సివి-టాస్-కాన్-టార్, అంటే కాంటర్‌బరీ.

తూస్తే 1.08 గ్రాములే వచ్చింది. కొత్తప్పుడు 1.4 దాకా ఉండాలి కాబట్టి, 1351లో బరువు తగ్గించాక కొట్టినదేమో అనుకుని సంబరపడ్డాను. దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే ఆఫీసర్ లెన్స్ చేతిలో పెట్టి అంచు చూడమన్నారు, అక్షరాల నెత్తిన ఉండాల్సిన వెండి లేదు, ఎవరో కత్తిరించి దాచుకున్నారు! చివరికి రికార్డులో ‘మొదటి నుంచి మూడో ఎడ్వర్డ్, 1279-1351’ అని రాశారు, కిరీటం అరిగిపోయింది కాబట్టి అంతకన్నా చెప్పలేం.

నమోదు చేసేది పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో, అంటే జనానికి దొరికిన పాత వస్తువుల్ని రికార్డు చేసే పథకంలో. మీ కౌంటీలో దాని తరఫున పనిచేసే ఫైండ్స్ లయజాన్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి, ఫీజు లేదు. రెండువైపులా స్కేలు పెట్టి ఫొటో, బరువు, వ్యాసం, అన్నిటికంటే ముఖ్యం దొరికిన చోటు. ‘ఊరి బయట పొలం’ అంటే పనికిరాదు, ఎనిమిది అంకెల గ్రిడ్ రెఫరెన్స్ (మ్యాప్ మీద చోటు చెప్పే అంకెలు) ఇస్తే పది మీటర్ల చదరంలోకి వస్తుంది. పొలం యజమానికి చెప్పారా? ఒక్క నాణేనికి చట్టంతో పేచీ మామూలుగా ఉండదు గానీ, అదే చోట ఇలాంటి పాత వెండిది ఇంకొకటి దొరికితే ట్రెజర్ (చట్టం దృష్టిలో నిధి) కిందికి వస్తుంది, 14 రోజుల్లో చెప్పాలి. స్కాట్లాండ్‌లో అయితే ఒక్కటి దొరికినా చెప్పాల్సిందే.

టార్చ్ వేసి చూసి, ఏ గదిలో ఏ అక్షరం కనిపించిందో రాయండి, ఊరు పట్టుకుందాం.