చీటీ పాడి పీఎంపీ శిక్షణకు కట్టవచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు. పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ లీడ్‌ని, వయసు 36. నా చేతికి నెలకు 84 వేలు, మావారికి 71 వేలు వస్తాయి. కాడుగోడిలో ఫ్లాటు కొన్నాం, వాయిదా 46 వేలు. బాబు రెండో తరగతి. ప్రాజెక్ట్ మేనేజర్ పదవికి వెళ్లాలంటే పీఎంపీ (పరీక్ష రాసి పొందే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ధ్రువపత్రం) ఉండాలని ఆఫీసులో అంటున్నారు. ఒక శిక్షణ సంస్థ నాలుగు వారాంతాల తరగతులకు 52 వేలు అడుగుతోంది, పరీక్ష తప్పితే డబ్బు వాపసు అంటోంది. నాకు లక్ష రూపాయల చీటీ ఒకటి ఏడో నెలలో ఉంది. అది పాడి కట్టేయనా, వాళ్లే ఇప్పిస్తామంటున్న నో కాస్ట్ ఈఎంఐ తీసుకోనా? అసలు సొంతంగా చదివితే కుదురుతుందా? ఈ ఖర్చుకు పన్ను మినహాయింపు ఉందా?

జవాబు: మీరు జతచేసిన కరపత్రాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నేనూ గమనించలేదు. రెండోసారి అడుగున చిన్న అక్షరాలు కంటబడ్డాయి. ఆ 52 వేలలో పరీక్ష రుసుము లేదు, జీఎస్టీ కూడా లేదు. 18 శాతం కలిపితే శిక్షణ ఒక్కటే 61 వేలు దాటుతుంది. పరీక్ష రుసుము మీరు విడిగా పీఎంఐకి, అంటే ఈ పరీక్ష నిర్వహించే అమెరికా సంస్థకు కట్టాలి. మీ మనసులో ఉన్న అంకెను ముందు ఇక్కడ సరిచేసుకోండి.

ఇక చీటీ. ఇరవై నెలలు, నెలకు 5 వేలు. ఈ మధ్య పాట 25 వేల దాకా పోతోందని రాశారు. అంటే ఇప్పుడు పాడితే చేతికి 75 వేలు. చివరి రెండు మూడు నెలల దాకా ఓపిక పడితే, పోటీ తగ్గి, కమీషను పోను 93 వేల దాకా రావచ్చు. రిజిస్టరైన చీటీల్లో నిర్వాహకుడి కమీషను 7 శాతం మించకూడదని 2019 సవరణ చట్టం చెబుతోంది. తేడా 18 వేలు. డబ్బు పదకొండు నెలలు ముందుగా వస్తుంది కదా, దాని వడ్డీ మాటేమిటని మీరు అడగవచ్చు. బ్యాంకు వడ్డీ లెక్కన అది ఐదు వేలకు మించదు. పైగా ఆ 75 వేలు బ్యాంకులో ఉండవు. శిక్షణకు పోగా మిగిలే పదమూడు, పద్నాలుగు వేలు పరీక్ష రుసుముకే పోతాయి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే నష్టానికైనా చీటీ పాడమని నేనే చెబుతాను. నాలుగు శని, ఆదివారాల తరగతులు ఆ కోవలోకి రావు.

నో కాస్ట్ ఈఎంఐ మీద నాకు పేరు దగ్గరే అభ్యంతరం. వడ్డీ లేకుండా అప్పిచ్చే ధర్మాత్ముడు ఈ వ్యాపారంలో లేడు. మొత్తం ఒకేసారి కట్టేస్తే ఎంత తగ్గిస్తారని ఆ సంస్థను అడిగి చూడండి. తగ్గిస్తామన్నారంటే, ఆ తగ్గింపే మీరు కట్టబోయే వడ్డీ. దానికి ప్రాసెసింగ్ ఛార్జీ, దాని మీద జీఎస్టీ తోడవుతాయి. ఇంకొకటి, ఆ అప్పు సంస్థ పేరున కాదు, మీ పేరున ఉంటుంది. రెండో వారానికే తరగతులు మానేసినా వాయిదా ఆగదు, ఒక్కటి తప్పినా మీ క్రెడిట్ రికార్డులో పడుతుంది. ఇంటి రుణం ఉన్నవాళ్లకు ఆ మచ్చ మంచిది కాదు. తొందరపడి ఇప్పటికే ఫోనులో ఒప్పుకుని ఉంటే, డిజిటల్ రుణాలకు రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం కనీసం ఒక రోజు పునరాలోచన గడువు ఉంటుంది. ఆలోగా అసలు, ఆ కొద్దిపాటి వడ్డీ కట్టి బయటపడవచ్చు.

డబ్బు వాపసు హామీ గురించి ఒక్క మాట. ఈ పరీక్షకు పాస్ మార్కు ఎంతో పీఎంఐ బయటపెట్టదు. మార్కుల శాతం కూడా ఇవ్వదు, ఏ విభాగంలో ఏ స్థాయిలో ఉన్నారో మాత్రమే చెబుతుంది. అలాంటి పరీక్షకు బయటివాడు హామీ ఇస్తున్నాడంటే షరతులన్నీ కాగితం మీద రాయించుకోవాలి. హాజరు ఎంత ఉండాలి, వాళ్ల నమూనా పరీక్షల్లో ఎంత తెచ్చుకోవాలి, ఎన్ని రోజుల్లోగా పరీక్ష రాయాలి, ఎన్నిసార్లు తప్పితే వాపసు? నాకు తెలిసిన ఒకాయన ఇలాంటి హామీనే నమ్ముకుని, ఒక ఆదివారం బావమరిది పెళ్లికి వెళ్లినందుకు వాపసు పోగొట్టుకున్నారు.

సొంతంగా చదవవచ్చా అంటే, మీ వృత్తిలో ఉన్నవాళ్లకు బాగా కుదురుతుంది. శిక్షణ తప్పనిసరి అని సంస్థ చెప్పడం సగం నిజం. దరఖాస్తుకు 35 గంటల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ శిక్షణ చూపించాలి, కేవలం పుస్తకం చదివానంటే లెక్కలోకి రాదు. కానీ అది తరగతి గదిలోనే కూర్చుని పొందాలని ఎక్కడా లేదు. చివర్లో పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే ఆన్‌లైన్ రికార్డు పాఠాలు చాలు. తగ్గింపు రోజుల్లో అవి కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. దానికి ఒక మంచి ప్రశ్నల బ్యాంకు జతచేయండి. కోత పెట్టకూడని ఖర్చు ఇదొక్కటే.

పుస్తకాల కోసం అవెన్యూ రోడ్డుకు వెళ్లేరు సుమా. అక్కడ దొరికే పీఎంబీఓకే గైడ్, అంటే పీఎంఐ వేసే ప్రధాన పుస్తకం, ఎక్కువగా పాత ముద్రణ. 2017 నాటి ఆరో ముద్రణ 49 ప్రక్రియల చుట్టూ తిరుగుతుంది, 2021 నాటి ఏడోది 12 సూత్రాల మీద నిలబడింది, 2025లో ఎనిమిదోది కూడా వచ్చింది. పీఎంఐ సభ్యత్వం తీసుకుంటే గైడ్ పీడీఎఫ్ ఉచితంగా వస్తుంది, పరీక్ష రుసుమూ తగ్గుతుంది. సభ్యులకు, ఇతరులకు రుసుముల తేడా ఎంతో పీఎంఐ వెబ్‌సైటులో చూసి, సభ్యత్వ రుసుముతో పోల్చుకుని నిర్ణయించుకోండి. పరీక్ష విషయసూచిక కూడా అక్కడే ఉచితంగా ఉంటుంది. అది మారుతూ ఉంటుంది కాబట్టి మీరు రాసే తేదీకి ఏది వర్తిస్తుందో చూసుకోండి. 2021 జనవరిలో వచ్చిన పద్ధతిలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. ప్రశ్నకు దాదాపు 77 సెకన్లు. అందులో దాదాపు సగం ప్రశ్నలు ఎజైల్ (పనిని చిన్న చిన్న విడతలుగా చేసేది), హైబ్రిడ్ (దాన్ని పాత పద్ధతితో కలిపేది) పద్ధతుల మీదే. రోజూ స్టాండప్ మీటింగులో నిలబడే మీకు ఆ సగం పూర్తిగా కొత్త కాదు.

సమయం లేదని రాశారు. మీరు మెట్రో పర్పుల్ లైనులో కాడుగోడి నుంచి ఎంజీ రోడ్డుకు వెళతారని కూడా రాశారు. మీరు ఎక్కేది మొదటి స్టేషను. కేఆర్ పురంలో ఎక్కేవాళ్లకు నిలబడే చోటు దొరకడమే గగనం, మీకు సీటు ఉంటుంది. పోను నలభై, రాను నలభై నిమిషాలు, నెలకు 22 రోజులు. ఇరవై తొమ్మిది గంటలు. అందులో సగం నిద్రకూ వాట్సాప్‌కూ పోయిందనుకున్నా ఐదు నెలల్లో 70 గంటలు మిగులుతాయి. పాఠాలు రైల్లో వినండి. నమూనా పరీక్షలు మాత్రం ఇంట్లో, తలుపు వేసుకుని, నాలుగు గంటలు కదలకుండా రాయాలి. ఆ ఆదివారాలు బాబును చూసుకుంటానని మీవారి దగ్గర ఇప్పుడే మాట తీసుకోండి.

డబ్బు ఏ వరుసలో బయటికి వెళ్లాలన్నది నా అసలు సలహా. చాలామంది ముందు రుసుము కట్టేస్తారు, కట్టాక తప్పక చదువుతామని. నేనూ ఆ బాపతే. ఒకప్పుడు ఒక వృత్తి పరీక్షకు ముందే మొత్తం కట్టి, జయనగర్‌లో ఐదు ఆదివారాలు తరగతులకు వెళ్లాను. వాళ్లిచ్చిన లావుపాటి ఫైలు ఈనాటికీ మా వంటింట్లో మిక్సీ కింద ఉంది. పీఎంపీలో ఈ తొందర మరీ ప్రమాదం. దరఖాస్తు ఆమోదం పొందిన నాటి నుంచి ఏడాదే గడువు, ఆలోగా మూడు ప్రయత్నాలు. అందుకని దరఖాస్తు కూడా ముందే పెట్టకండి. మొదటి నెల చవక పాఠాలు మాత్రమే కొనండి. మూడో నెలకల్లా అవి పూర్తయితేనే ప్రశ్నల బ్యాంకు. వరుసగా రెండు మూడు పూర్తి నమూనా పరీక్షల్లో మార్కులు నిలకడగా వచ్చాక దరఖాస్తు, ఆ తర్వాతే రుసుము. ఈలోగా రుసుము కోసం నెలకు 6 వేలతో ఏడు నెలల రికరింగ్ డిపాజిట్ వేసుకోండి. జీతం పడిన మర్నాడే కోత పడేలా పెట్టుకోండి. జూన్‌లో బాబు స్కూలు ఫీజు ఉంటుంది, దాన్ని దీనితో కలపకండి.

దరఖాస్తులో ఒక మెలిక ఉంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ఇటీవలి ఏళ్లలో 36 నెలలు ప్రాజెక్టులు నడిపించి ఉండాలి. హోదా పేరు ఏదైనా పరవాలేదు, చేసిన పని ముఖ్యం. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చూసినా ఒక నెలగానే లెక్క. కొన్ని దరఖాస్తులను తనిఖీకి తీస్తారు, అప్పుడు పాత మేనేజర్ల ధ్రువీకరణ కావాలి. మీరు 2022లో కంపెనీ మారారు. ఆనాటి మేనేజరుకు ఈ వారమే ఒక ఫోను చేయండి.

పన్ను విషయంలో ఆశలు పెట్టుకోకండి. జీతగాళ్లకు సొంత పరీక్ష, శిక్షణ ఖర్చులకు విడిగా మినహాయింపు లేదు. కొత్త విధానంలో 75 వేలు, పాత విధానంలో 50 వేల స్టాండర్డ్ డిడక్షన్‌లోనే అన్నీ. విద్యా రుణం వడ్డీకి ఉన్న మినహాయింపు పాత విధానంలోనిది, అది కార్డు ఈఎంఐలకు వర్తించదు. దానికన్నా మీ హెచ్‌ఆర్‌ను అడగడం మేలు. చాలా కంపెనీలు ఇలాంటి పరీక్షల రుసుము తిరిగి ఇస్తాయి, కాకపోతే ముందస్తు అనుమతి, మీ పేరున రసీదు అడుగుతాయి. ఇచ్చాక ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో చదవండి. హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడే, మీ దగ్గర గత రెండేళ్లలో ప్రాజెక్ట్ మేనేజర్ అయినవాళ్లలో పీఎంపీ ఉన్నది ఎందరికో కూడా అడగండి. జవాబు ఒకరో ఇద్దరో అయితే, ఈ పరీక్ష మీకు ఈ కంపెనీలో కన్నా తర్వాతి కంపెనీలో పనికొస్తుంది. పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకుంటూనే ఉన్నారని చూపే పాయింట్లు), ఒక రుసుము ఉంటాయి. పీడీయూలు ఉచితంగా సంపాదించుకునే దారులు చాలానే ఉన్నాయి, దానికి ఎవరికీ డబ్బు కట్టకండి.

ఈ ఆదివారమే చీటీ పాట అని రాశారు. వెళ్లండి, వాళ్లిచ్చే కాఫీ తాగండి, మీ వంతు డివిడెండు ఎంతొచ్చిందో రాసుకోండి. పాట మాత్రం ఎవరో ఒకరిని పాడుకోనివ్వండి.