లెనిన్ బాంబు, పుతిన్ లెక్క

ప్రశ్న: ఉక్రెయిన్‌ను సృష్టించింది లెనినే అని పుతిన్ అన్నారు. అది నిజమేనా? (ఖమ్మం)

జవాబు: సగమే నిజం. 2022 ఫిబ్రవరి 21న, యుద్ధానికి మూడు రోజుల ముందు, సోవియట్ ఉక్రెయిన్‌ను ‘వ్లదిమీర్ లెనిన్ ఉక్రెయిన్’ అనొచ్చన్నారు పుతిన్. రష్యా కింద లెనిన్ అణుబాంబు పెట్టాడని 2016లోనే అన్నారు. రిపబ్లిక్కులకు ఇచ్చిన విడిపోయే హక్కే ఆ బాంబు.

1922లో స్టాలిన్ ఆలోచన వేరు. ఉక్రెయిన్, బెలారుస్, కాకసస్ రిపబ్లిక్కులను స్వయంప్రతిపత్తి ప్రాంతాలుగా రష్యాలోనే కలిపేద్దామన్నాడు. లెనిన్ అడ్డుపడ్డాడు. రష్యాతో సమాన హోదాలో అందరూ కలిసే కొత్త యూనియన్ కావాలన్నాడు, అతని మాటే నెగ్గింది. పుతిన్ మొగ్గు స్టాలిన్ పథకం వైపే. అయితే విడిపోయే హక్కును 1936 రాజ్యాంగంలో 17వ అధికరణంగా ఉంచింది ఆ స్టాలినే! 1977లో అది 72వ అధికరణమైంది. ఎలా విడిపోవాలో చెప్పే చట్టం మాత్రం 1990 ఏప్రిల్ దాకా రాలేదు. వచ్చాక చూస్తే ఓటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఆపైన ఐదేళ్ల దాకా ఆగాలి. విడిపోనివ్వకుండా చేసిన చట్టమని అప్పట్లోనే విమర్శ. లిథువేనియా అంతకుముందే, మార్చి 11న, స్వాతంత్ర్యం ప్రకటించేసుకుంది.

ఇక పుతిన్ చెప్పని సగం. 1917 నవంబరులోనే కీవ్‌లో సెంట్రల్ రాడా (ఉక్రెయిన్ జాతీయవాదుల ప్రతినిధి సభ) ఉక్రెయిన్ ప్రజా రిపబ్లిక్‌ను ప్రకటించింది. బోల్షివిక్కులు దానితో యుద్ధమే చేయాల్సి వచ్చింది. లెనిన్ ఇచ్చినది దానం కాదు, తప్పక చేసుకున్న రాజీ. దొనెత్స్క్ బొగ్గు ప్రాంతాన్ని ఉక్రెయిన్‌లో కలిపింది బోల్షివిక్కులేనన్న మాట నిజమే, కానీ 1920లలో తగన్‌రోగ్, షాఖ్తీ ప్రాంతాలు ఉక్రెయిన్ నుంచి రష్యాకు వెళ్లాయి. ఆ లెక్క ప్రసంగంలో లేదు. క్రిమియా బదిలీ 1954 నాటిది, అప్పటికి లెనిన్ పోయి ముప్పయ్యేళ్లు.

ప్రశ్న: మరి రష్యాలోని చిన్న జాతుల రిపబ్లిక్కులను పుతిన్ ఎందుకు రద్దు చేయలేదు? (విజయవాడ)

జవాబు: పేర్లు ఉంచి, లోపలిది తగ్గిస్తున్నారు. మాస్కోతో టాటర్‌స్తాన్‌కున్న అధికార పంపిణీ ఒప్పందం 2017లో ముగిశాక దాన్ని మళ్లీ రాసుకోలేదు. 2018 చట్టంతో బడుల్లో టాటర్ వంటి భాషలు తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరితేనే చెబుతారు. 2020 రాజ్యాంగ సవరణ రష్యన్‌ను ‘రాజ్యాన్ని నిర్మించిన ప్రజల’ భాషగా పేర్కొంది. విడిపోయే హక్కు 1993 రాజ్యాంగంలోనే లేదు.

చైనాదీ ఇంచుమించు ఇదే దారి. 1931లో కమ్యూనిస్టులు తమ పట్టున్న ప్రాంతంలో నడిపిన జియాంగ్సీ సోవియట్ ప్రభుత్వ రాజ్యాంగం విడిపోయే హక్కు ఇచ్చింది. అధికారంలోకొచ్చాక పార్టీ దాన్ని వదిలేసి ‘ప్రాంతీయ స్వయంప్రతిపత్తి’తో సరిపెట్టింది. 2020లో ఇన్నర్ మంగోలియా బడుల్లో సాహిత్యం, రాజకీయాలు, చరిత్ర పాఠాలను మంగోల్ భాష నుంచి చైనీస్‌లోకి మార్చేసరికి తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు.