పెళ్లికూతురి వంటింటి కానుకలు: అడిగిన వారికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా చెల్లెలి పెళ్లి మాఘమాసంలో ఉంది. ఆమె, కాబోయే మా మరిది ఉప్పల్‌లో అద్దె ఇంట్లో కాపురం పెడతారు. పెళ్లికి కొన్ని రోజుల ముందు ఆమె స్నేహితురాళ్లు మా ఇంట్లోనే ‘బ్రైడల్ షవర్’ చేస్తారట. అందులో వంటింటి సామాన్లే ఇస్తామని, ఏమేం కావాలో రాసి పంపమని అడుగుతున్నారు. మేనత్తలు, చిన్నమ్మలు కూడా అదే మాట అంటున్నారు. మా అమ్మ మాత్రం ‘ఇది కావాలి, అది కావాలి అని మనమే రాసివ్వడం ఏం మర్యాద?’ అని ఒప్పుకోవడం లేదు. నా పెళ్లికి వచ్చిన డిన్నర్ సెట్లలో సగం ఇప్పటికీ అట్టపెట్టెల్లోనే సజ్జ మీద ఉన్నాయి. చెల్లెలికి అలా కాకూడదు. జాబితా ఎలా తయారు చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అమ్మగారి సంకోచాన్ని తేలిగ్గా తీసుకోకండి. పెళ్లికి పిలవడానికి వెళ్లినప్పుడు బొట్టు పెట్టిన చేత్తోనే కోరికల చిట్టా అందించడం మన వైపు ఎవరూ మెచ్చే పని కాదు. అయితే దగ్గరి వాళ్లు తమంతట తామే ‘బిడ్డకు ఏం కావాలి?’ అని అడిగినప్పుడు ‘మీ ఇష్టం’ అని ఊరుకుంటే బరువంతా అడిగిన వారి మీదే పడుతుంది. వాళ్లు దుకాణానికి వెళ్లి, ఏదైతేనేం పనికొస్తుందిలే అనుకుని, చివరికి మరో డిన్నర్ సెట్టే తెస్తారు. కాబట్టి జాబితా తప్పకుండా రాయండి, కానీ అడిగిన వారికే చెప్పండి. శుభలేఖలో అచ్చు వేయించవద్దు, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. ఇలా చెబితే మీ అమ్మగారు కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఈ పద్ధతి అమెరికాలో దుకాణాల ద్వారా స్థిరపడింది. షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద దుకాణం 1924లో పెళ్లికూతుళ్ల కోసం ఇలాంటి జాబితా నడపడం మొదలుపెట్టింది. అందులో మనం తీసుకోవలసింది ఒక్కటే: ఒక వస్తువును ఎవరైనా కొనగానే దుకాణం వారు దాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు, కాబట్టి అదే వస్తువు రెండోసారి రాదు. వరంగల్ చౌరస్తాలో బేరమాడి స్టీలు సామాను కొనే మేనత్తకు, ఫోన్‌లో ఆర్డర్ పెట్టే స్నేహితురాలికి ఒకే దుకాణం ఉండదు గనుక మన దగ్గర ఆ కొట్టివేసే పని ఒక మనిషి చేయాలి. ఆ మనిషి పెళ్లికూతురు కాకూడదు, మీ అమ్మగారూ కాకూడదు. మీరు గాని మీ చిన్నమ్మ గాని అయితే బాగుంటుంది. ఎవరు ఫోన్ చేసినా జాబితా మొత్తం చదివి వినిపించకుండా, వారి స్తోమతును బట్టి రెండు మూడు వస్తువులు మాత్రం చెప్పి, వారు ఎంచుకున్న దాని పక్కన అప్పుడే పేరు రాసుకోవాలి.

కలం పట్టుకునే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సారెలో మీ అమ్మగారు, మేనమామలు ఏమేం పెట్టబోతున్నారో అడగండి. బిందెలు, పళ్లేలు, చెంబులు, పెద్ద గిన్నెలు అక్కడే వస్తున్నట్లయితే జాబితాలో వాటి ఊసు ఎత్తవద్దు. ఆ అద్దె ఇంటి వంటగదిని మీ చెల్లెలు ఒకసారి చూసి రావాలి: గట్టు ఎంత పొడవుంది, అరలు ఎన్ని, ప్లగ్గులు ఎక్కడున్నాయి? కాబోయే మరిది ఇప్పటికే హైదరాబాద్‌లో గది తీసుకుని వండుకుంటున్నట్లయితే కుక్కర్, మిక్సీ ఆయన దగ్గర ఉండే ఉంటాయి. ఆ సంగతి మీ చెల్లెలే ఆయనను నేరుగా అడగవచ్చు. కానీ ఒక గీత మాత్రం దాటకండి. ఫలానా కంపెనీ వాషింగ్ మెషీన్, ఇన్ని లీటర్ల ఫ్రిజ్ అంటూ మగపెళ్లివారి ఇంటి నుంచి మాట వచ్చిందంటే దానికి కానుకల జాబితా అని పేరు పెట్టినంత మాత్రాన అది కానుక కాదు, కట్నం అడగడమే. అలాంటి మాటను మీ జాబితాలో ఒక్క వరుసగా కూడా చేర్చవద్దు.

ఇక సామాన్లు. దుకాణంలో కనిపించేవి చూసి రాయకుండా, మీ చెల్లెలు వారంలో ఏమేం వండుతుందో ఆమెనే కూర్చోబెట్టి చెప్పించి, దాని ప్రకారం రాయండి. ఇద్దరికి రోజూ పప్పు, అన్నం వండడానికి 3 లీటర్ల కుక్కర్ చాలు; మీరంతా ఉప్పల్ వెళ్లిన రోజున 5 లీటర్లది కావాలి. జొన్నరొట్టె తినే ఇల్లయితే మందమైన ఇనుప పెనం ఒకటి రాయండి. పొడిగా బాగా వేడెక్కించి రొట్టె కాల్చే పనికి నాన్‌స్టిక్ పెనం తగదు. మిక్సీ 750 వాట్లది, చట్నీ జార్‌తో సహా ఉంటే చాలు.

సర్వపిండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తయారు చేసి అమ్మే ‘కిచెన్ సెట్’లలో దానికి తగిన పాత్ర ఉండదు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపిన ముద్దను గిన్నె లోపల అడుగుకూ అంచులకూ పలుచగా ఒత్తి, వేలితో గుంతలు పెట్టి, వాటిలో నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చాలి కదా. అడుగు పలుచగా ఉంటే గుంతల దగ్గర మాడి, అంచుల దగ్గర పచ్చిగా మిగులుతుంది. పైగా ఒకటి తీసిన వెంటనే ఆ వేడి గిన్నెలో రెండోది ఒత్తలేం. అది చల్లారే దాకా ఆగాలి. అందుకని ఒకే కొలతలో, అడుగు మందంగా, అంచు కొంచెం వాలుగా ఉన్న సర్వలు రెండు, వాటికి సరిపోయే మూతలతో సహా అడగండి. ఒకటి పొయ్యి మీద ఉండగా రెండోది చల్లారుతుంది. వంట తెలిసిన మేనత్తకు ఈ పని అప్పగిస్తే దుకాణంలో గిన్నెను చేత్తో ఎత్తి చూసి తెస్తుంది. ఆమె చేతి మీదుగా రావలసిన కానుక అది.

ధరల విషయంలో మన చదివింపుల లెక్కే మంచి కొలమానం. 516 రూపాయలు చదివించే వారికి, 1,116 చదివించే వారికి, అంతకు మించి పెట్టగలిగిన వారికి తగిన వస్తువులు విడివిడిగా ఉండాలి, చిన్న వస్తువులే ఎక్కువ ఉండాలి. పోపుల డబ్బా, గంటెలు, జల్లెడలు, చపాతీ పీట, కర్ర, నూనె జగ్గు వంటివి చిన్నవే అయినా కొత్త కాపురంలో మొదటి రోజే వెతుక్కునేవి ఇవే. ఖరీదైన మిక్సీని స్నేహితురాళ్లు అందరూ కలిసి ఒకటిగా కొనవచ్చు. డబ్బే చదివిస్తామన్న పెద్దవారిని వస్తువు కొనమని బతిమాలవద్దు. కత్తులు, చాకులు కానుకగా ఇవ్వడం కొందరు పెద్దలకు నచ్చదు కనుక వాటిని జాబితాలో రాయకుండా మీరే కొనిపెట్టండి.

హనుమకొండలో ఇచ్చిన బరువైన సామాను మళ్లీ ఉప్పల్ దాకా మోయించడం ఎందుకు? వేడుక రోజున ఆ వస్తువు పేరు రాసిన కార్డును పసుపు కుంకుమలతో చేతికిచ్చి, వస్తువును కాపురం పెట్టిన తర్వాత నేరుగా ఉప్పల్ చిరునామాకు పంపమని స్నేహితురాళ్లకు చెప్పండి.

ప్రశ్న: మా మేనకోడలికి స్టీలు గిన్నెల సెట్టు ఇద్దామనుకుంటున్నాను. అయస్కాంతం అంటుకోకపోతేనే మంచి స్టీలు అని దుకాణంలో అన్నారు. ఆమె ఇంట్లో గ్యాస్‌తో పాటు ఇండక్షన్ పొయ్యి కూడా ఉంది. ఏది కొనాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ పరీక్షను నమ్ముకుని కొనకండి. వంటకు మేలైనదిగా చెప్పే 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, దానికి అయస్కాంతం సాధారణంగా అంటుకోదు. అయితే నికెల్ తక్కువగా ఉండే చవక రకాలు 201, 202 కూడా దాదాపు అలాగే ప్రవర్తిస్తాయి. పైగా మీ మేనకోడలి ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కాలంటే అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకోవాలి. లోపల 304, మధ్యలో అల్యూమినియం, బయట అయస్కాంతాన్ని పట్టే స్టీలు ఉన్న మూడు పొరల గిన్నెలు రెండు పొయ్యిలకూ పనికొస్తాయి. సెట్టంతా కాకుండా అలాంటివి రెండు కొనండి, చాలు. 2024 మార్చిలో స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది కనుక ఆ గుర్తు ఉందో లేదో చూడండి. కుక్కర్ అయితే గుర్తుతో పాటు ఐఎస్ 2347 అనే సంఖ్య ఉండాలి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల సాకెట్ ఉందో లేదో మీ మేనకోడలిని అడగండి.

ఇత్తడి ఇవ్వాలని మనసులో ఉంటే నీళ్ల బిందెగానో పూజ సామానుగానో ఇవ్వండి. లోపల కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాయకూడదు. కళాయి అరిగినప్పుడల్లా మళ్లీ పూయించడం కొత్త దంపతులకు శ్రమ.

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చిన గిన్నెల మీద ఇచ్చిన వారి పేర్లు కొట్టించమని మా వదినె అంటున్నారు. ఎవరేమిచ్చారో పుస్తకంలో రాసుకుంటే చాలదా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: పేరు కొట్టించడం ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ ఒకసారి పేరు చెక్కిన గిన్నెను దుకాణం వారు మార్చి ఇవ్వరు. ఒకే కొలతవి రెండు వస్తే ఒకటి మార్చుకునే వీలు ఉండాలి గనుక, సామానంతా సర్దుకున్నాక, ఉంచుకునే వాటి మీదే పేర్లు కొట్టించమని మీ వదినెగారికి నచ్చజెప్పండి. బిల్లులు, వారంటీ కార్డులు ఒకే కవరులో పెట్టండి.

పుస్తకం మాత్రం తప్పనిసరి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఎవరూ అడగకుండా ఇచ్చిన కానుకలను జాబితాగా రాసి ఉంచాలి. ఆ జాబితా ఎలా ఉండాలో 1985లో చేసిన నియమాలు చెబుతున్నాయి: వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చిన వారి పేరు, బంధువైతే బంధుత్వం. పెళ్లికూతురికి వచ్చిన కానుకల జాబితా పెళ్లికూతురి దగ్గరే ఉండాలి, దాని మీద వధూవరులిద్దరూ సంతకం చేయాలి. మన చదివింపుల పుస్తకంలో పేరు, మొత్తం రాసే అలవాటు ఎలాగూ ఉంది. విలువ, బంధుత్వం అనే రెండు గడులు చేర్చి, వంటింటి సామానును కూడా అందులోనే రాయండి. పెళ్లి హడావిడి ముగిసిన వారంలోపు, అమ్మాయి అత్తగారింటికి బయలుదేరక ముందే ఆ సంతకాలు చేయించండి.