ఏసీ 18లో పెడితేనే చల్లదనమా?

ప్రశ్న: మాది తిరుపతి. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు. రాత్రి ఏసీ 18లో పెట్టినా మా ఆయనకు ఉక్కగానే ఉంటుంది. అదే గదిలో పడుకునే 72 ఏళ్ల మా అత్తగారు మాత్రం చలికి ముడుచుకుపోతారు. ఆవిడకు బీపీ ఉంది. పగలు హాల్లో తలుపులేసి కూలర్ పెడితే ఒళ్లంతా జిగట. అసలు ఇంట్లో ఎంత చల్లదనం ఉండాలి?

డాక్టర్ సలహా: ముందు మీ అత్తగారి సంగతి చూడండమ్మా. వయసు పైబడిన వాళ్ల ఒళ్లు చలికీ వేడికీ త్వరగా సర్దుకోలేదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే బీపీ పెరగొచ్చు. ఏసీ 25, 26 దగ్గర ఉంచి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. గాలి తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. ఆ గాలి నేరుగా ఆవిడ మీదికి రాకుండా మంచం జరపండి.

మీ ఆయన ఉక్కకు కారణం మిద్దె. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని కిందికి వదులుతుంది. పదింటికి పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూడండి, వెచ్చగా తగులుతుంది. గది గాలి చల్లబడినా గోడల నుంచి, కప్పు నుంచి వేడి ఒంటికి తగులుతూనే ఉంటుంది. దానికి మందు ఏసీ రిమోట్‌లో లేదు. మిద్దె మీద తెల్లసున్నం కొట్టించండి, సాయంత్రం ఎండ పడే కిటికీకి బయటివైపు తడక కట్టండి.

ఇక జిగట. చెమట పుట్టడం కాదు, ఆరడం వల్ల ఒళ్లు చల్లబడుతుంది. ఇంట్లో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే హాయి. తలుపులేసి కూలర్ పెడితే ఆ తేమంతా లోపలే చేరుతుంది. డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లిందంటే అదే గుర్తు. కూలర్‌ను కిటికీలో పెట్టి, ఎదురు కిటికీ తీసి ఉంచండి. అక్టోబర్, నవంబర్ వానల్లో మాత్రం దాని నీళ్ల పంపు ఆపేయండి. తేమ రోజుల తరబడి 60 దాటితే గోడలకు బూజు పడుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకు అది మంచిది కాదు.

మీ అత్తగారికి దాహం సరిగా తెలియకపోవచ్చు. అడిగేదాకా ఆగకుండా నీళ్లు, ఉప్పు వేయని పల్చటి మజ్జిగ ఇస్తూ ఉండండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే ఆ మాటే పాటించండి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువయ్యేవి ఉన్నాయేమో, వేసవిలో మోతాదు మార్చాలేమో ఆయన్నే అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు. ఎండ రోజుల్లో ఆవిడ మాట తడబడినా, మగతగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోపు ఫ్యాన్ కింద పడుకోబెట్టి తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ ఉండండి. మగతలో ఉంటే నోట్లో నీళ్లు పోయొద్దు.