ఫ్యూయల్ సెల్‌ని ఎంఆర్ఐలో పెడితే ఒరిగేదేమిటి?

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించేది ఫ్యూయల్ సెల్, దాని మధ్యలో ప్రోటాన్లని దాటించే పల్చటి పొర ఉంటుంది. ఆ పొరల్ని ఎంఆర్ఐలో పెట్టి చూడటం దేనికైనా పనికొస్తుందా, లేక పేపర్లు వేసుకోవడానికేనా అని ఒకరు అడిగారు. నా పీహెచ్‌డీ అంతా ఆ అయస్కాంతం పక్కనే గడిచింది కాబట్టి గట్టిగానే చెప్తాను: వంద ఓల్టేజి గ్రాఫులకన్నా ఒక్క మంచి ఎంఆర్ఐ బొమ్మ నయం.

సెల్ నీరసపడిందని గ్రాఫు చెబుతుంది, అంతే. పొర ఎండిందా, కాథోడ్ (ఆక్సిజన్ వచ్చే పక్క) వైపు నీళ్లు నిలిచిపోయాయా? రెండిట్లోనూ ఓల్టేజి పడిపోతుంది, మందు మాత్రం వేరు. ఆ పొరకి వాడే నఫియాన్ అనే ప్లాస్టిక్ వెన్నెముకంతా కార్బన్, ఫ్లోరినే. కాబట్టి ప్రోటాన్ బొమ్మలో, అంటే హైడ్రోజన్ కేంద్రకాల్ని పట్టే ఎంఆర్ఐ బొమ్మలో, వెలిగేది దాదాపుగా అందులోని నీరే. కరెంటు లాగేకొద్దీ ప్రోటాన్లు నీళ్లని కూడా కాథోడ్ వైపు ఈడ్చుకుపోతాయి, హైడ్రోజన్ వచ్చే ఆనోడ్ పక్క ఎండుతుంది. పుస్తకంలో అందరం చదివిందే గానీ, కళ్లతో చూస్తే ఆ లెక్క వేరు.

నాకు బాగా గుర్తుండిపోయింది భారజలం ప్రయోగం. మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరే భారజలం. 2000ల మధ్యలో కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు వేసిన దారే. 7 టెస్లా అయస్కాంతంలో ప్రోటాన్ 300 మెగాహెర్ట్జ్ దగ్గర పలికితే డ్యుటీరియం 46 దగ్గర పలుకుతుంది, అంటే మన బొమ్మలో అది కనపడదు. హైడ్రోజన్ కట్టేసి, భారజలంలో బుడగలుగా పంపి తడిపిన నైట్రోజన్ వదిలాం. స్క్రీన్ మీద తెల్లగీతలా ఉన్న పొర స్కాన్ స్కాన్‌కీ మాసిపోయి నాయిస్‌లో కలిసిపోయింది. మళ్లీ హైడ్రోజన్ వదిలి, లోడ్ పెట్టి కరెంటు లాగగానే ఆనోడ్ అంచున సన్నగా మొదలై గీత తెల్లబడింది. ప్రోటాన్లు లోపలికి వెళ్లడం అంటే ఇదీ!

ఆ భారజలం కథ ఇంకోటి. మణుగూరులో దాన్ని ఫ్యాక్టరీ పెట్టి తయారుచేసే రాష్ట్రం నుంచి వచ్చినవాణ్ణి, మా ల్యాబ్‌లో చిన్న సీసా కోసం స్టోర్స్ ఆయన సంతకాల మీద సంతకాలు అడిగేవాడు. అయస్కాంతం పగలంతా కెమిస్ట్రీ వాళ్లది, మాకు అర్ధరాత్రే. స్టీలు బోల్టులు దాని దగ్గరికి తేకూడదు, ప్లాస్టిక్‌వి బిగిస్తే హైడ్రోజన్ లీకు. పైగా పొరకి రెండు పక్కలా ఉండే కార్బన్ పేపర్ ఎంఆర్ఐ వాడే రేడియో తరంగాల్ని అడ్డుకుంటుంది, అందుకే సెల్‌ని ఏ పక్కకి తిప్పి పెట్టామన్నదాని మీదే సగం బొమ్మ ఆధారపడుతుంది. ఇవేవీ పేపర్లలో రాయరు. ఇంద్రధనుస్సు రంగులు పూసి, ఏ రంగుకి ఎంత నీరో చెప్పే స్కేలు కూడా పక్కన పెట్టని బొమ్మలు మాత్రం వేస్తారు.

కింద ఇంకొకరు ఆసుపత్రి మిషన్‌లో పెట్టొచ్చా అన్నారు. పెట్టుకోండి, గ్యాసు వెళ్లే ఛానెళ్లలో నిలిచిన నీళ్లు కనిపించొచ్చు. పొర మాత్రం దొరకదు. నఫియాన్ 117 మందం 183 మైక్రాన్లు, ఆ మిషన్లో మామూలుగా ఒక్క పిక్సెలే అంతకంటే పెద్దది.