కుట్టు సందేహాలు: ఒక ప్యాటర్న్, మూడు బొమ్మలు

ప్రశ్న: 1950ల మొదట్లో వచ్చిన ఒక అమెరికన్ డ్రెస్ ప్యాటర్న్ (బట్ట కోయడానికి వాడే కాగితపు నమూనా) నాకు పాత సామాన్ల సంతలో దొరికింది. సైజు 14, ఛాతీ 32 అంగుళాలు. నాది 34. కవరు మీద మూడు బొమ్మలున్నాయి. ‘ఎ’కి కాలరు, పొట్టి చేతులు, కుచ్చుల స్కర్టు. ‘బి’కి చదరపు మెడ, చేతులు లేవు. ‘సి’కి మోచేతుల దాకా చేతులు, సన్నటి స్కర్టు. ‘బి’ మెడ, ‘సి’ చేతులు, ‘ఎ’ స్కర్టు కలపొచ్చా? నా దగ్గరున్నది జరీ అంచు మంగళగిరి కాటన్.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: హాయిగా కలపొచ్చమ్మా. బాడీ ఒకటే ఉంచి మెడ, చేతులు, స్కర్టు మార్చుకోవడానికే అలా మూడు బొమ్మలు ఇచ్చేవారు. ముందు ఆ పాత టిష్యూ ముక్కల్ని వేరే కాగితం మీద గీసుకోండి. అసలు వాటికి కత్తెర తగలనివ్వకండి.

చూసుకోవాల్సింది చంక. చేతుల్లేని డ్రెస్సుకు చాలాసార్లు చంకను కాస్త పైకి, భుజాన్ని ఇరుగ్గా కోస్తారు. దానికి ‘సి’ చెయ్యి ఎక్కిస్తే పట్టేస్తుంది. కాబట్టి ముందు భాగం ముక్క మీద మెడ గీత ‘బి’ది, చంక గీత ‘సి’ది వేయండి. వీపు ముక్కకూ అంతే. మెడ లోపలి పట్టీ కూడా ‘బి’దే కావాలి. చదరపు మూలల దగ్గర చిన్న కాన్వాస్ ముక్క అతికించి కుట్టండి, కుట్టుకు ఒక్క దారం ఇవతలి దాకా గాటు పెట్టి తిప్పండి. మూల అప్పుడే నీటుగా నిలబడుతుంది, నాకు ఈ మెడలో అదే అందం.

సైజు నంబరును నమ్మొద్దు. 1967 తర్వాతి ప్యాటర్న్‌లలో అదే 14కి ఛాతీ 36. మీకు పెరగాల్సింది 2 అంగుళాలు. ముందూ వెనకా ప్రతి పక్క కుట్టు దగ్గర అర అంగుళం కలపండి. చెయ్యి కింది కుట్టుకు రెండు వైపులా కూడా అంతే కలపాలి, లేదంటే చంకకు చెయ్యి చాలదు.

కుచ్చుల స్కర్టు నడుము దగ్గర ఎలాగైనా సర్దుకుంటుంది. ముక్క కింది అంచు తిన్నగా ఉంటే మీ జరీ చక్కగా కిందికి వస్తుంది, వంపు ఉంటే రాదు. జరీ కోసం స్కర్టు ముక్కల్ని బట్ట పొడవు వెంట అడ్డంగా వేయాలి. అప్పుడు కవరు వెనక రాసిన బట్ట లెక్క సరిపోదు, కోసే ముందు అన్నీ పరిచి చూసుకోండి.